చమురులో నీటి లెక్క

1866 ఆగస్టులో పెన్సిల్వేనియా నూనె ప్రాంతపు ఉత్పత్తిదారులు కొందరు కూడి ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఇకమీదట ముడి చమురును పీపాల లెక్కన కాకుండా గ్యాలన్ల లెక్కన అమ్మాలి, కొలిచిన ప్రతి 40 గ్యాలన్లకూ కొనేవాడి పక్షాన మరో 2 గ్యాలన్లు వదిలెయ్యాలి అన్నది దాని సారం. టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ బావిలో 69న్నర అడుగుల లోతున నూనె పడి అప్పటికి ఏడేళ్లే. నూనె నింపడానికి ప్రత్యేకమైన పాత్రలంటూ ఏవీ లేవు. విస్కీ పీపాలు, చేపల పీపాలు, ఏది దొరికితే అది. ఒక్కో పీపాది ఒక్కో కొలత. బండి మీద గతుకుల బాటలో, ఆయిల్ క్రీక్ వాగులో పడవ మీద ప్రయాణం ముగిసేసరికి కొంత కారిపోయేది, కొంత ఆవిరయ్యేది, మిగిలినదాని అడుగున నీరూ మడ్డీ దిగేవి. నూనెకు డబ్బిస్తాను గాని నీళ్లకెందుకిస్తానని కొనేవాడు పేచీ పెట్టేవాడు. ఏ పీపాలో ఎంత నీరుందో తేల్చే దారి ఇద్దరికీ లేదు. దారి లేనప్పుడు వర్తకులు ఎప్పుడూ చేసే పనే చేశారు: ఒక్కో పీపాతో తగువులాడకుండా అన్నిటికీ కలిపి తరుగు ఇంత అని కట్టేశారు. 1872లో ఉత్పత్తిదారుల సంఘం 42 గ్యాలన్ల బ్యారెల్‌ను లాంఛనంగా ఖాయం చేసింది. నేడు ప్రపంచమంతా చమురు ధర చెప్పుకునే బ్యారెల్ అదే.

తర్వాతి నూట అరవై ఏళ్ల కథ బీజరూపంలో ఆ రెండు గ్యాలన్లలోనే ఉందని నా వాదన. చమురులో నీటి శాతం ఎంత అన్నది పైకి ప్రయోగశాలలో తేలే లెక్కలా కనిపిస్తుంది. కాని ఆ లెక్క ఎప్పుడు, ఎక్కడ, ఎవరెదుట, ఏ పద్ధతిలో తీయాలన్నది మాత్రం ప్రతిసారీ అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య కుదిరిన ఒప్పందమే నిర్ణయించింది. పరికరాలు మెరుగయ్యాయనడంలో సందేహం లేదు. అయితే ప్రతి కొత్త పరికరమూ తగాదాను ఒక చోట తీర్చి ఇంకో చోటికి జరిపింది. అది పీపా నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి సీసాలోని నమూనాకు, నమూనా నుంచి గొట్టంలోని మీటరుకు, చివరికి ఆ మీటరును సరిచూసే పరీక్షకు చేరింది. ఈ వరస పట్టించుకోకుండా కనిపెట్టినవాళ్ల పేర్లూ సంవత్సరాలూ వల్లించుకుంటే, ఎందుకు కనిపెట్టాల్సి వచ్చిందో బోధపడదు.

అసలు నూనెలో నీరు ఎవరూ పోసింది కాదు. పాలవాడు కలిపే నీళ్లకూ దీనికీ తేడా అక్కడే ఉంది. పాలలో నీరు మోసం వల్ల వస్తుంది, చమురులో నీరు భూమి పొరల్లోంచే వస్తుంది. నూనె ఇమిడి ఉన్న రాతిలోనే, దాని కిందనో పక్కనో, ఉప్పునీరు ఉంటుంది. నూనె తోడేకొద్దీ ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. చాలా చోట్ల ఆ నీటి తోపుడే నూనెను బావిలోకి నెడుతుంది కూడా. అది చాలనప్పుడు పైనుంచి నీటిని పనిగట్టుకుని దింపుతారు. అందుకే బావి వయసు పెరిగేకొద్దీ అందులో నీటి వాటా పెరుగుతుంది. 1930లో బయటపడిన తూర్పు టెక్సస్ క్షేత్రంలో పన్నెండేళ్లు తిరిగేసరికి ఉప్పునీటిని మళ్లీ భూమిలోకి పంపడానికే ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టాల్సి వచ్చింది. 2000 ప్రాంతపు అంచనాల ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఒక బ్యారెల్ నూనెతో పాటు సుమారు మూడు బ్యారెళ్ల నీరు పైకి వచ్చేది. బావి నుంచి బయటపడే ధారలో నీరే ఎక్కువ, నూనె తక్కువ. నీరు ఎవరి తప్పూ కాకపోయినా, దాని లెక్క తప్పితే మాత్రం ఎవరో ఒకరికి నష్టం.

కొలమానం ఎంపికలోనే ఆ లాభనష్టాలు కొంత తేలిపోతాయి. అమెరికా కంటే చాలా ముందే నూనె వర్తకం సాగిన చోట్లలో బర్మాలోని యెనాంజాంగ్ ఒకటి. 1797లో అక్కడికి వెళ్లిన కెప్టెన్ హైరమ్ కాక్స్ ఐదు వందలకు పైగా చేతి తవ్వకపు బావులున్నట్టు నమోదు చేశాడు. అక్కడ నూనె లెక్క వీశెల్లో ఉండేది. బర్మా వీశె సుమారు 1.6 కిలోలు, మన వీశెకు దగ్గరి తూకమే. తూకంలో అమ్మితే నీటి చిక్కు మరికాస్త బిగుస్తుంది, ఎందుకంటే ఒకే కుండలో పట్టే నూనె కంటే నీరు బరువు. గ్యాలన్‌లో చేరిన నీరు గ్యాలన్ లెక్కే మారుస్తుంది, తూకంలో చేరిన నీరు తన వాటా కంటే ఎక్కువే తూగుతుంది. అందుకే పీపాయా, గ్యాలనా, వీశెయా అన్న ప్రశ్నను ఏ కాలపు వర్తకుడూ తేలిగ్గా తీసుకోలేదు.

పెన్సిల్వేనియాలో అసలు మలుపు 1865లో వచ్చింది. ఆ ఏడాది శామ్యూల్ వాన్ సైకెల్ పిట్‌హోల్ బావుల నుంచి రైలు మార్గం దాకా సుమారు ఐదు మైళ్ల పొడవున రెండంగుళాల ఇనుప గొట్టం వేశాడు. బళ్లవాళ్ల బాడుగలు తగ్గాయన్నది అందరూ చెప్పే మాట. కొలత చరిత్రలో దాని ప్రభావం అంతకంటే లోతైనది. పీపాల కాలంలో ఎవరి నూనె వాళ్లదే. కొనేవాడు కావాలంటే మూత తీసి చూడొచ్చు, కర్ర ముంచి చూడొచ్చు, నచ్చకపోతే వెనక్కి పంపొచ్చు. గొట్టంలోకి పోసిన మరుక్షణం పదిమంది నూనే ఒకటైపోయింది. ఎవరిది ఎంత అన్నదానికి కాగితం మీద రాసిన అంకె తప్ప వేరే ఆనవాలు మిగల్లేదు. ఆ కాగితాలే సర్టిఫికెట్లుగా ఆయిల్ సిటీ ఎక్స్చేంజిలో చేతులు మారేవి. కాబట్టి నీరెంతో తేల్చుకోవాల్సిన చోటు ఒక్కటే మిగిలింది, అది గొట్టం నోటి దగ్గర, నూనె ఇంకా ఉత్పత్తిదారు ట్యాంకులో ఉండగానే. ఆ తర్వాత తేల్చుకోవడానికి ఏమీ ఉండదు. పైప్‌లైన్ కంపెనీలు మొదట్లో పాత పద్ధతినే పట్టుకుని మడ్డికీ నీటికీ ఆవిరికీ కలిపి ఒక నిర్ణీత శాతం కోసుకునేవి. నీళ్లు తక్కువున్న బావివాడికి అది అన్యాయం, నీళ్లు ఎక్కువున్నవాడికి వరం. ఆ అసమానత ఒత్తిడి వల్లనే అసలు కొలత మొదలైంది.

ఆ కొలత పనికి ట్యాంకు మీదికెక్కిన మనిషే గేజర్. అతను ఏం చేసేవాడో వివరంగా చూడాలి, ఎందుకంటే చాలా చోట్ల నేటికీ ఆ పని అలాగే నడుస్తోంది. ముందు గుండు కట్టిన టేపును ట్యాంకు అడుగుదాకా దింపి నూనె ఎంత ఎత్తుందో చూస్తాడు. గుండుకు పూసిన పేస్టు నీరు తగిలిన మేర రంగు మారుతుంది. పైకి తీసి చూస్తే ఎక్కడిదాకా నీరుందో గీత గీసినట్టు కనిపిస్తుంది. మన పెట్రోలు బంకుల్లో భూగర్భ ట్యాంకులోకి దింపే కడ్డీకి పూసే పేస్టు ఈ కోవదే. తర్వాత థీఫ్ అని పిలిచే ఇత్తడి గొట్టాన్ని తాడుతో దింపుతాడు. అడుగు తెరుచుకుని ఉండే ఆ గొట్టం కావలసిన లోతుకు చేరాక ఒక్క కుదుపుతో మూసుకుంటుంది, ఆ లోతులోని ద్రవం అందులో చిక్కుతుంది. పైన, నడుమ, నూనె బయటికి పోయే కొళాయికి కాస్త కింద, ఇలా మూడు చోట్ల నుంచి తీసి పరీక్షిస్తాడు. చివరికి ట్యాంకు నంబరు, ఎత్తు, ఉష్ణోగ్రత, సాంద్రత, నీరూ మడ్డీ శాతం ఒక చీటీ మీద రాస్తాడు. దాని మీద కొనేవాడి తరఫున గేజర్, అమ్మేవాడి తరఫున బావి కాపలాదారు సంతకాలు చేస్తారు. డబ్బు కదిలేది ఆ చీటీ మీదే. రెండో సంతకం లేకపోతే థీఫ్ ఎంత మంచిదైనా ఆ అంకెకు వర్తకంలో విలువ లేదు.

ట్యాంకు అడుగున విడిగా దిగిన నీటిని పట్టడం తేలికే. చిక్కంతా నూనెలో కలిసిపోయిన నీటితోనే. పంపుల్లో, ఇరుకు వాల్వుల్లో చిలికినట్టై నీరు కంటికి కనిపించని బొట్లుగా నూనెలో చెదిరిపోతుంది. ముడి చమురులో సహజంగా ఉండే జిగట పదార్థాలు ఆ బొట్ల చుట్టూ పొరకట్టి వాటిని ఒకదానితో ఒకటి కలవనివ్వవు. అలాంటి ఎమల్షన్‌ను వారాల తరబడి నిలవ ఉంచినా నీరు దిగదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లలో దాన్ని గోతుల్లో వదిలేసేవారు, తగలబెట్టేవారు. ఈ నష్టమే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞుల్ని రంగంలోకి దింపింది. బర్క్లీలో బోధించే ఫ్రెడరిక్ కాట్రెల్ అధిక విద్యుత్ పీడనంతో నీటి బొట్లను ఒకటిగా చేసే పద్ధతికి 1911లో పేటెంటు పొందాడు. సెయింట్ లూయిస్ నగరపు విలియం బార్నికెల్ మందు కలిపి ఎమల్షన్‌ను విరగ్గొట్టే దారి పట్టి 1914లో పేటెంటు తీసుకున్నాడు. అతను మొదట వాడింది మన అంగళ్లలో దొరికే అన్నభేది లాంటిదే. వీళ్ల పని నీటిని వేరుచేయడానికి, కొలవడానికి కాదు. అయినా కొలతకు దారి తీసింది వీళ్లే, ఎందుకంటే వేరుచేయడం సాధ్యమైనప్పుడే పూర్తిగా వేరయిందా అన్న ప్రశ్న పుడుతుంది.

ఆ ప్రశ్నకు బావుల దగ్గర దొరికిన జవాబు సెంట్రిఫ్యూజ్. అడుగు సన్నగా మొనదేలిన 100 మిల్లీలీటర్ల గాజు గొట్టాలు రెండు తీసుకుంటారు. ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్ల చమురు, 50 మిల్లీలీటర్ల టొలువీన్ పోసి, విరగ్గొట్టే మందు చుక్కలు వేసి, 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి వేగంగా తిప్పుతారు. బరువైన నీరూ మడ్డీ మొనలోకి దిగుతాయి. గాజు మీది గీతలు చదివి, మళ్లీ తిప్పి, వరసగా రెండుసార్లు ఒకే అంకె వచ్చేదాకా ఆగుతారు. రెండు గొట్టాల అంకెలు కలిపితే శాతం వస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. టొలువీన్‌ను ముందే నీటితో తృప్తిపరిచి పెట్టుకోవాలి. లేకుంటే అది నమూనాలోని నీటిని కొంత తానే కరిగించుకుని అంకెను తగ్గించేస్తుంది. ఇంత జాగ్రత్తపడ్డా ఈ పద్ధతిలో తేలే నీరు దాదాపు ఎప్పుడూ అసలు నీటికంటే తక్కువేనని ఆ పద్ధతిని నిర్దేశించే ప్రామాణిక పత్రమే ఒప్పుకుంటుంది.

1920లో అమెరికా గనుల బ్యూరోకు చెందిన ఇ. డబ్ల్యూ. డీన్, డి. డి. స్టార్క్ ప్రచురించిన ఉపకరణం ఈ లోపాన్ని సూటిగా ఎదుర్కొంది. చమురును నీటిలో కలవని ద్రావకంతో కలిపి మరిగిస్తారు. ఆవిర్లు పైకెక్కి చల్లబడి పక్కనున్న గీతల గొట్టంలోకి జారుతాయి. నీరు బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది, ద్రావకం పొంగి తిరిగి ఫ్లాస్కులోకి పోతుంది. నమూనాలో నీటిచుక్క మిగిలినంతసేపూ ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంతటి సరళత్వం వల్లనే ఆ గాజు సామాను చమురు రంగం దాటి రసాయన శాస్త్రపు ప్రతి ప్రయోగశాలకూ చేరింది. 1935లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫిషర్ అయోడిన్, సల్ఫర్ డయాక్సైడ్‌లతో నీటినే నేరుగా రసాయన చర్యలో పట్టే పద్ధతి ప్రకటించాడు. పదిలక్షల్లో కొన్ని భాగాల నీరున్నా అది చెబుతుంది.

ఇక్కడ శాస్త్రజ్ఞుడు నాకు అడ్డు చెప్పొచ్చు. నీరు ఒక పదార్థం, దాని పరిమాణం ఒక వాస్తవం, డీన్‌స్టార్క్ ఉపకరణానికి కొనేవాడి పక్షం అమ్మేవాడి పక్షం అంటూ ఉండవు, మరి ఒప్పందం సంగతి ఎందుకు అని. ఈ ఆక్షేపణలో బలముంది. శాస్త్రం సాధించినదాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ ఫ్లాస్కు లేకపోతే ఒప్పందానికి ఆధారమే ఉండేది కాదు. కాని రెండు సంగతులు గమనించాలి. మొదటిది, మరింత కచ్చితమైన పద్ధతి 1920 నుంచీ చేతిలో ఉండగా, తక్కువ చూపిస్తుందని తెలిసిన సెంట్రిఫ్యూజ్ దశాబ్దాలపాటు బావుల దగ్గర లావాదేవీల్లో నిలిచింది. అది పది నిమిషాల్లో తేలుతుంది, ఇద్దరి కళ్లముందూ తేలుతుంది, ఆ తేడా రెండు పక్షాలకూ ముందే తెలుసు, దాన్ని ధరలోనే సర్దుకోవచ్చు. రెండోది మరీ ముఖ్యం. ఫ్లాస్కు చెప్పేది ఫ్లాస్కులోని నమూనా గురించి మాత్రమే. లక్ష బ్యారెళ్ల సరుకుకు ఆ గుప్పెడు ద్రవం ప్రతినిధి అవునా అన్నదానికి ఫ్లాస్కు దగ్గర జవాబు లేదు. పరీక్ష నిర్దుష్టమయ్యేకొద్దీ తగాదా నమూనా దగ్గర పోగుపడింది.

నమూనాల విద్య అందుకే విడిగా ఒక శాస్త్రమైంది. 1973 అక్టోబరు తర్వాత కొన్ని నెలల్లోనే చమురు ధర బ్యారెల్‌కు మూడు డాలర్ల చిల్లర నుంచి పదకొండు దాటడంతో అర శాతం నీటి విలువ కూడా ఒక్కసారిగా పెరిగింది. పారే గొట్టంలో నీరు సమంగా ఉండదు. ప్రవాహం నెమ్మదిస్తే అడుగుకు దిగుతుంది. గొట్టం పైభాగంలో తూటు పెట్టి తీసిన నమూనా ఎండు నూనె అన్నట్టే కనిపిస్తుంది. ముందు ధారను బాగా కలియబెట్టాలి, నడిమధ్య నుంచి తీయాలి, ఓడ నిండేలోపు మిల్లీలీటరు చొప్పున సుమారు పది వేలసార్లు తీయాలి. ఇవన్నీ చేశాక కూడా నమ్మకం కుదరదు కనుక ప్రమాణాలు ఒక చక్కని పరీక్ష పెట్టాయి. గొట్టంలోకి ఎగువన తెలిసినంత నీటిని కావాలని పంపుతారు, దిగువన నమూనా యంత్రం ఆ నీటిని కనిపెట్టిందో లేదో చూస్తారు. ఈ పరీక్షను నేను చాలా గౌరవిస్తాను. ఇందులో ఎవరి మాటా నమ్మక్కర్లేదు, ఇద్దరూ పక్కన నిలబడి చూస్తే చాలు.

మనిషిని తప్పించి యంత్రానికి అప్పగిస్తే తగాదాలే ఉండవన్న ఆశ 1950ల్లో బలపడింది. బావుల దగ్గర ట్యాంకు నుంచి గొట్టంలోకి నూనె దానంతటదే కొలిచి పంపే ఏర్పాట్లు అమెరికాలో అప్పుడే మొదలయ్యాయి. నీటికి విద్యుత్ క్షేత్రంలో స్పందించే గుణం నూనె కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం నీటికి సుమారు 80, చమురుకు రెండు రెండున్నర. గొట్టంలో పెట్టిన కడ్డీ ఈ తేడాను పట్టి, నీరు హద్దు మీరితే వాల్వు తిప్పి సరుకును వెనక్కి పంపేస్తుంది. నీరు కొద్దిగా ఉన్నంతకాలం ఇది చక్కగా పనిచేసింది. నీరు సగం దాటి, నూనెలో నీటిబొట్లు కాస్తా నీటిలో నూనెబొట్లుగా తిరగబడితే ఉప్పునీరు విద్యుత్తును నేరుగా ప్రవహింపజేస్తుంది, ఆ కడ్డీ లెక్క చెడుతుంది. తర్వాత వచ్చిన మైక్రోవేవ్ మీటర్లూ గామా కిరణాల మీటర్లూ ఈ ఇబ్బందిని చాలావరకు దాటాయి. ఉత్తర సముద్రంలో పలు కంపెనీల బావులు ఒకే వేదికకు చేరడంతో ఎవరి వాటా ఎంతో సముద్రగర్భంలోనే తేల్చాల్సి వచ్చి, 1990ల తొలి ఏళ్ల నుంచి నూనె, నీరు, గ్యాస్ మూడింటినీ వేరుచేయకుండానే కొలిచే మీటర్లు వాడకంలోకి వచ్చాయి. కాని వాటికీ ఆ బావి నీటి లవణీయత ఇంత, ఆ నూనె సాంద్రత ఇంత అని ముందే ఎవరో చెప్పాలి. చెప్పేది ఎవరు, ఎప్పటి నమూనాతో చెప్పాలి అన్నచోట మళ్లీ ఒప్పందమే.

ముసలి బావుల దగ్గర ఇది ఎంత తీవ్రమో ఒక చిన్న లెక్క చాలు. ఒక బావి రోజుకు 1,000 బ్యారెళ్ల ద్రవం ఇస్తోంది, అందులో 95 శాతం నీరు అనుకుందాం. నూనె 50 బ్యారెళ్లు. మీటరు 96 అని చూపిస్తే నూనె 40 బ్యారెళ్లే. నీటి లెక్కలో తప్పింది ఒక్క శాతమే, నూనె లెక్కలో అయిదో వంతు మాయం. అదే బావి యవ్వనంలో, నీరు 5 శాతమే ఉన్న రోజుల్లో, అంతే తప్పు జరిగితే నూనె 950కి బదులు 940 అయ్యేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఉత్పత్తి పంపక ఒప్పందాల్లో తరచూ కనిపించే ఒక నిబంధన ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. మీటరు తప్పు చూపిస్తోందని బయటపడి, ఎప్పటి నుంచి తప్పుతోందో తెలియకపోతే, కిందటి పరీక్షకూ ఈ పరీక్షకూ మధ్య కాలంలో సగం రోజులు తప్పినట్టు లెక్కగడతారు. ఆ సగానికి ఏ భౌతిక సూత్రమూ ఆధారం కాదు. 1866 నాటి రెండు గ్యాలన్ల వంటి కట్టుబాటే అది.

మరో ఆక్షేపణ నా వాదన మీదికి ఎదురుదిక్కు నుంచి వస్తుంది. ఒప్పందం అంటున్నారు, సమానులు కానివాళ్ల మధ్య ఒప్పందం ఏమిటి, అది బలవంతుడి మాటే కదా అని. పెన్సిల్వేనియాలో వందల మంది ఉత్పత్తిదారులకు ఎదురుగా కొద్దిపాటి కొనుగోలుదారులు, చివరికి దాదాపు ఒక్కరే మిగిలారు. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అంతకంటే కఠినమైన సాక్ష్యం ఓక్లహోమాలో ఉంది. అక్కడి ఆదివాసీల భూముల్లో నూనె కొనే ఒక పెద్ద కంపెనీ కొలతల్లో తగ్గించి రాస్తోందని 1989లో అమెరికా సెనేట్ కమిటీ నివేదిక ఇచ్చింది. దర్యాప్తు చేసినవాళ్లు ట్యాంకుల్ని తాము ముందే రహస్యంగా కొలిచి, తర్వాత కంపెనీ గేజర్ రాసిన చీటీతో పోల్చి చూశారు. పదేళ్ల తర్వాత, 1999లో, ఒక జ్యూరీ కూడా ఆ కంపెనీకి వ్యతిరేకంగానే తీర్పు చెప్పింది. అక్కడ టేపులూ థీఫ్‌లూ సెంట్రిఫ్యూజ్‌లూ అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పాతబడినది కాదు. లేనిదల్లా ట్యాంకు మీద రెండో మనిషి. రాయల్టీ హక్కుదారు ఎక్కడో దూరాన ఉన్నాడు, అతని తరఫున చూసేవాళ్లు చూడలేదు. బలవంతుడి మాట చెల్లింది కొలత ఒప్పందం కావడం వల్ల కాదు, ఆ ఒప్పందంలో ఉండాల్సినవాళ్లలో ఒకరు గైర్హాజరు కావడం వల్ల.

గోదావరి డెల్టాకు ఈ చరిత్ర తగిలేది ఇక్కడే. 1970ల చివర నరసాపురం దగ్గర మొదలైన అన్వేషణ కోనసీమ కొబ్బరితోటల మధ్య గొట్టాల వల అల్లింది. తీరానికి ఎదురుగా సముద్రంలో 1987లో బయటపడ్డ రవ్వ క్షేత్రపు చమురు సూరసానియానాం దగ్గరి ప్లాంటుకు చేరి, అక్కడ నూనె, గ్యాస్, నీరుగా విడిపోతుంది. నేల మీది బావుల నూనె రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికీ, సముద్రంలోని బావులది కేంద్రానికీ చెందుతాయి. అంటే ఈ లావాదేవీల్లో ట్యాంకు దగ్గర కనిపించని మూడో పక్షం ప్రజలే. ఆ పక్షం లేకుండా ఇద్దరూ సర్దుకుపోతే ఏమవుతుందో 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామం చూసింది. అక్కడ పేలింది చమురు గొట్టం కాదు, గ్యాస్ గొట్టం. కాని ప్రశ్న అదే: ధారలో నీరెంత? పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరూ కండెన్సేటూ ఉన్న తడి గ్యాస్ సాగి, లోపలి నుంచి తుప్పు తిన్నదని అధికారిక విచారణలో తేలింది. ఇరవై మందికి పైగా కాలి చనిపోయారు. గ్యాస్‌లో నీరుందన్నది పంపేవాడికీ తీసుకునేవాడికీ తెలియని రహస్యమేమీ కాదు. ఆ గొట్టం పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లకు మాత్రం అది ఎవరూ చెప్పలేదు.

కొలతల వివరాలు సాంకేతికమైనవి, బయటివాళ్లకు అర్థం కావు, బయటపెడితే వ్యాపార రహస్యాలు పోతాయి అనేవాళ్లున్నారు. బావివారీ ధరలూ ఒప్పందాలూ రహస్యమైతే కావచ్చు. కాని ఒక క్షేత్రంలో నీటి శాతం ఏ పద్ధతిలో తేలుస్తున్నారు, నమూనా యంత్రానికి నీటిని పంపి చేసే పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది, ఎంత తేడా వచ్చింది, ప్రభుత్వం తరఫున దగ్గరుండి చూసిందెవరు, గ్యాస్ గొట్టంలోకి పోయే ధారలో నీటికి హద్దెంత, ఈ నెల అది ఎంత ఉంది అన్నవాటిలో దాచాల్సిన రహస్యం ఏముంది? పెట్రోలు బంకులో రెండు లీటర్లు పోయించుకునే మనిషికి అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్ర తెప్పించి తన ఎదుట కొలిపించుకునే హక్కుంది, వడపోత కాగితం అడిగే హక్కుంది. ఆ పెట్రోలుకు మూలమైన చమురు తన నేల కింద నుంచే వస్తున్నప్పుడు, మామిడికుదురులోనో అంతర్వేదిలోనో ఉన్న మనిషికి ఆ పరీక్షల ఫలితాలు నెలనెలా పంచాయతీ ఆఫీసు గోడ మీద చదువుకునే వీలుండాలి.